మనిషిని తియ్యరు, వైరు పీకుతారు

2025 మార్చి మొదటి వారంలో ఆదోని త్రీటౌన్ పోలీసులు గుంటూరు జైలుకు వెళ్లి సినీ రచయిత, నటుడు పోసాని కృష్ణమురళిని పీటీ వారెంటు (జైల్లో ఉన్నవారిని ఇంకో కేసు కోసం రప్పించే ఉత్తర్వు) మీద తీసుకొచ్చారు. చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్, లోకేశ్‌లను దూషించారంటూ 2024 నవంబరులో ఆదోనిలో నమోదైన కేసు అది. కర్నూలులో మేజిస్ట్రేటు ముందు హాజరు పరిచారు, రిమాండు పడింది, జిల్లా జైలుకు పంపారు. మార్చి 11న ఆ కేసులో బెయిలు దొరికింది. అయినా బయటికి రాలేకపోయారు, ఈలోపు సీఐడీ ఇంకో వారెంటు పట్టుకొచ్చింది. ఫిబ్రవరి 26న హైదరాబాదులో అరెస్టయిన మనిషి గుంటూరు జైలు గేటు దాటేసరికి మార్చి 22 అయింది.

ఆ రోజుల్లో ఆదోని కోర్టు చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర నడిచిన చర్చంతా ఒక్కటే: నోరు పారేసుకున్నవాడికి జైలా, లేక చేతిలో ఉన్న ఉద్యోగమో పదవో ఊడబెరికితే చాలా? మూడు నెలలు గడిచాయో లేదో, సాక్షి టీవీ వ్యాఖ్యాత కొమ్మినేని శ్రీనివాసరావు అరెస్టుతో అదే ప్రశ్న నేరుగా స్టూడియోలోకి వచ్చి కూర్చుంది. దాని మీద ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేనమామది ఆదోని. వకీలు గుమాస్తా. వకాలత్తు, వాయిదా, జామీను కాగితాలు, సర్టిఫైడ్ కాపీలు, ఇదే ఆయన లోకం. మేనల్లుడిది ఎమ్మిగనూరు. కేబుల్ ఆపరేటరు. మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఊరది, అల్లుడి కనెక్షన్లలో మగ్గమున్న ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో టీవీని చూసేది తక్కువ, వినేది ఎక్కువ. నేసేవాడి కళ్లు పడుగు మీద ఉంటాయి, కండెలు చుట్టే ఆడవాళ్ల కళ్లు రాట్నం మీద ఉంటాయి. మగ్గం చప్పుడును మించి వినపడాలని సౌండు పెంచి పెడతారు. స్టూడియోలో ఎవరు ఏమన్నా వీధి చివరి దాకా వినిపిస్తుంది.

అల్లుడి వాదన ఆ సౌండు దగ్గరే మొదలవుతుంది.

“మామా, నువ్వు కాగితాల్లో చదివినావు, నేను వీధిలో నడుస్తా విన్నా. నాలుగిండ్లలో అదే చానల్. అమరావతి ఆడోళ్ల మీద ఆ మాట పడినప్పుడు కండెలు చుట్టే ఆడోళ్లు చెయ్యి ఆపి టీవీ దిక్కు చూసినారు. ఆ మాట అన్న మనిషిని మళ్లీ పిలవకూడదు. అనిచ్చిన మనిషిని కుర్చీలో నుంచి లేపాల. ఇందులో పోలీసులకేం పని?”

“లేపేది ఎవరప్పా?” అని మామ వెంటనే అడుగుతాడు.

జరిగిందేమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2025 జూన్ 6న కొమ్మినేని నడిపే కేఎస్ఆర్ లైవ్ షోలో విశ్లేషకుడు వి.వి.ఆర్. కృష్ణంరాజు అమరావతి మీద ఒక వ్యాఖ్య చేశారు. రాజధాని ప్రాంతపు మహిళలందరినీ కించపరిచే మాట అది. రైతు మహిళలు రోడ్డెక్కారు, తుళ్లూరు పోలీసులు కేసు కట్టారు. జూన్ 9న హైదరాబాదులో కొమ్మినేనిని అరెస్టు చేశారు, మంగళగిరి కోర్టు రిమాండు విధించింది. ఆ మాట ఆయన అన్నది కాదు. దాన్ని గట్టిగా ఆపలేదని, పైగా నవ్వారని ఆయన మీద అభియోగం. జూన్ 13న సుప్రీంకోర్టులో జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ మన్మోహన్‌ల ధర్మాసనం బెయిలిచ్చింది. అవతలి మనిషి మాటకు నవ్వినంత మాత్రాన నేరంలో భాగస్తుడు కాడన్న ధోరణిలో న్యాయమూర్తులు మాట్లాడారు. ఇకమీదట తన కార్యక్రమంలో పరువు తీసే మాటలు అనకూడదు, ఇతరులను అననివ్వకూడదు అని షరతు కూడా పెట్టారు.

ఆ షరతే అల్లుడికి దొరికిన ఆధారం. “చూసినావా? అననివ్వకూడదు అన్నారు. అంటే అనిచ్చేదీ తప్పే గదా. ఆ తప్పుకు శిక్ష జైలు కాదు. ఉద్యోగం ఇచ్చినోడే పిలిచి, ఇంక నువ్వు ఇంటికి పో అనాల.”

“నీకు కొమ్మినేని సంగతి సగమే తెలుసు” అంటాడు మామ. మిగతా సగం ఇదీ: 2017లో కొమ్మినేని ఎన్టీవీలో ఇలాంటి లైవ్ షోనే నడిపేవారు. ఉన్నట్టుండి ఆయన అక్కడి నుంచి బయటికి రావలసి వచ్చింది. అప్పటి ప్రభుత్వం ఒత్తిడి తెచ్చిందని ఆయనే బాహాటంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, 2022లో ఆయన సి.ఆర్. మీడియా అకాడమీ చైర్మన్ అయ్యారు. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది, మరుసటి ఏడు జైలుకెళ్లారు.

“ఒకే మనిషి. ఒకసారి ఉద్యోగం పోయింది, ఒకసారి జైలుకు పోయినాడు. జైలుకు పోయినప్పుడు ఎఫ్ఐఆర్ ఉండాది, సెక్షన్లు ఉండాయి, రిమాండ్ రిపోర్టు ఉండాది, నాలుగు దినాల్లో ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చింది. ఉద్యోగం పోయినప్పుడు ఏముండాది? ఏ కాగితమన్నా చూపించు. ఏ కోర్టుకు పోవాల? ఏ గడువులోగా అప్పీలు చెయ్యాల? నువ్వు జైలు కంటే చిన్న శిక్ష అని చెప్తాండావు. నేనేమో అప్పీలు లేని శిక్ష అంటాండా.”

గుమాస్తా వృత్తి ఆయన చేత ఈ మాట అనిపిస్తోంది. ఆయనకు కాగితం లేని శిక్షంటే భయం. అది నిరాధారమైన భయమేమీ కాదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల ఉద్యోగుల కోసం పుట్టింది, టీవీ వాళ్లు ఆ గొడుగు కిందికి రాలేదు. 2020 నాటి కార్మిక కోడ్‌లో ఎలక్ట్రానిక్ మీడియా అన్న మాట చేరింది. మాట చేరింది సరే, చానల్ ఆఫీసులో కాంట్రాక్టు మీద కూర్చునే మనిషికి రేపు పొద్దున రావద్దని ఫోనొస్తే ఆ మాటతో ఏం చేసుకోవాలో చెప్పేవాళ్లు లేరు.

అల్లుడు మాత్రం మెత్తబడలేదు. “మామా, మార్కెట్ యార్డులో గుమాస్తా తూకంలో మోసం చేస్తే వాణ్ని తీసేస్తారు. యార్డు గేటుకు తాళం వెయ్యరు. మన రాష్ట్రాల్లో టీవీలకు జరిగేది తలకిందులు. మనిషిని తియ్యరు, వైరు పీకుతారు.”

“తూకం తప్పో కాదో కాటా చెప్తాది. మాట తప్పో కాదో ఏ కాటా చెప్తాది?”

మంచి ప్రశ్నే. కానీ అల్లుడు చెప్పిన వైరు సంగతి ముందు చూడాలి, అది ఆయన స్వయంగా పడిన యాతన.

అనలాగ్ రోజుల్లో ఆయన కంట్రోల్ రూము అంటే ఒక ఇనుప ర్యాకు. చానల్‌కు ఒక రిసీవరు, ఒక మాడ్యులేటరు, వాటి వెనక జడల్లా వేలాడే కోయాక్సియల్ వైర్లు. ప్రతి వైరుకూ తెల్ల ప్లాస్టరు చుట్టి పెన్నుతో చానల్ పేరు రాసి ఉండేది. ఒక చానల్ ఆపాలంటే ఆ పేరున్న వైరు మర తిప్పి లాగితే చాలు, ఊరంతా చుక్కలు. డిజిటల్ వచ్చాక ఆ మర ఆయన చేతిలో లేదు. పైన ఎమ్మెస్వో, అంటే ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ, దాని హెడ్‌ఎండ్‌లో ఎవరో ఒక బటను నొక్కుతారు. ఇక్కడ మాత్రం ఫోన్లు మోగుతాయి: “ఏమన్నా, మా చానల్ యాడికి పోయింది?” జవాబు చెప్పలేక ఫోను బల్ల మీద బోర్లా పెట్టుకున్న రోజులు ఆయనకు బాగా గుర్తు. ఏ ఫోను ఎక్కడి నుంచి ఎవరికి పోయిందో ఆయనకు తెలియదు. తెలిసినా చెప్పడు.

లెక్క మాత్రం ఎవరైనా చెప్పగలరు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన తొలి రోజుల్లోనే, కొత్త ఎమ్మెల్యేలను వెక్కిరించిందని టీవీ9 మీద కోపం వచ్చింది. టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి రెండూ కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. టీవీ9 క్షమాపణ చెప్పినా తెర వెంటనే వెలగలేదు. ఆ సెప్టెంబరులో వరంగల్ సభలో ముఖ్యమంత్రి కేసీఆర్ తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతేస్తామని హెచ్చరించారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 కేబుల్ నుంచి మాయమయ్యాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ మాయమయ్యాయి, టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ప్రసారాలు పునరుద్ధరించాలని ఆర్డరు తెచ్చుకుంది. పార్టీలు మారాయి, చానళ్ల పేర్లు మారాయి, పద్ధతి మారలేదు.

కేసుల సంగతీ అంతే. 2021 మేలో, ఎంపీ రఘురామకృష్ణరాజు ప్రసంగాలు ప్రసారం చేశారని ఏబీఎన్, టీవీ5 మీద సీఐడీ రాజద్రోహం కేసు పెట్టింది. మే 31న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఆ చానళ్ల మీద చర్యలు తీసుకోవద్దంది, రాజద్రోహానికి హద్దులు నిర్ణయించాల్సిన సమయం వచ్చిందని కూడా అంది. అప్పుడు టీవీ5కు చప్పట్లు కొట్టినవాళ్లు 2025లో కొమ్మినేని అరెస్టుకు చప్పట్లు కొట్టారు. అప్పుడు నోరెత్తని వాళ్లకు 2025లో పత్రికా స్వేచ్ఛ గుర్తొచ్చింది.

“అదే నేను చెప్పేది” అంటాడు అల్లుడు. “చానల్ తన మనిషిని తనే అదుపులో పెట్టుకోదు కాబట్టి సర్కారు దూరుతాది. తనే నెల రోజులు పక్కన కూర్చోబెట్టి ఉంటే, తుళ్లూరు పోలీసులు హైదరాబాదు దాకా పోవాల్సిన పని ఏముండేది?”

మామ నవ్వాడు. “అల్లుడా, సర్కారు దూరాలనుకుంటే నువ్వు పక్కన కూర్చోబెట్టినా దూరుతాది. ఇంటికి పంపినా ఇంటికే పోయి పట్టుకొస్తాది. పోసాని అప్పటికి రాజకీయాలు మానుకున్నా అని చెప్పేసినాడు గదా, ఆగినారా?”

నిజమే. పోసాని 2024 నవంబరులోనే ఇక రాజకీయాలు మాట్లాడనని ప్రకటించారు. ఫిబ్రవరిలో అరెస్టయ్యారు.

ఇద్దరి మాటల మధ్య పళ్లేల్లో ఉగ్గాని చల్లారిపోతోంది. అది తెచ్చిపెట్టిన అత్తకు విసుగొచ్చింది. “మీరిద్దరూ గంట నుంచి మాట్లాడేది ఆ మగోళ్ల ఉద్యోగం గురించి, ఆ మగోళ్ల జైలు గురించి. ఆ మాట పడిన ఆడోళ్లకు ఏం జరిగిందని ఒక్కరన్నా అడిగినారా?” అని లోపలికి పోయింది.

ఇది పక్కన పెట్టేసే మాట కాదు. ఇలాంటి చర్చలన్నీ మాట అన్నవాడి హక్కు చుట్టూ తిరుగుతాయి, పడినవాళ్లు ఫిర్యాదుదారులుగా మొదటి పేరాలో కనిపించి మాయమవుతారు. 2017 మేలో ‘రారండోయ్ వేడుక చూద్దాం’ పాటల వేడుకలో నటుడు చలపతిరావు ఆడవాళ్ల మీద ఒక నీచమైన మాటన్నారు. వేదిక మీదున్న యాంకర్ రవి దానికి సూపర్ అన్నారు. గొడవయ్యాక ఇద్దరూ క్షమాపణ చెప్పారు, కేసూ నమోదైంది. ఆ తర్వాతా రవి టీవీలో కార్యక్రమాలు చేస్తూనే ఉన్నారు. క్షమాపణ నిజమైనదైతే అందులో తప్పు లేదు. కానీ అలాంటి మాట విన్నప్పుడు వ్యాఖ్యాత నోటి వెంట మొదట ఏం వస్తుందన్నది వృత్తికి సంబంధించిన విషయం. కుట్టుపని రాని దర్జీకి కత్తెర ఇవ్వనట్టే, అవమానాన్ని గుర్తుపట్టలేని మనిషికి మైకు ఇవ్వకూడదని అల్లుడంటే దాన్ని స్వేచ్ఛ పేరుతో తోసిపుచ్చలేం.

2023 డిసెంబరులో టీవీ5 చర్చకు అతిథిగా వచ్చిన కొలికపూడి శ్రీనివాసరావు, దర్శకుడు రాంగోపాల్ వర్మ తల తెచ్చినవారికి కోటి రూపాయలిస్తానన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమని యాంకర్ సాంబశివరావు అక్కడికక్కడే అడిగారు. అతిథి వినలేదు. వర్మ సీఐడీకి ఫిర్యాదు చేస్తే యాంకరూ యాజమాన్యమూ కూడా నిందితుల జాబితాలోకి ఎక్కారు. నవ్విన యాంకరుకూ వద్దన్న యాంకరుకూ పోలీసు కాగితంలో తేడా లేకుండా పోయింది. మామకు ఇది చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. కోర్టు మీద ఆయనకున్న నమ్మకానికి ఇది ఇబ్బంది పెట్టే ఉదాహరణే. కేసు కోర్టుకు చేరేలోపు పోలీస్ స్టేషన్ అనేది ఒకటుంటుంది, అక్కడ మాట నాణ్యం చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక్కడ వ్యాసం కాస్త దేశం దాటాలి, ఎందుకంటే ఉద్యోగం తీసే అలవాటు బాగా ఉన్న దేశాల్లో ఏం జరిగిందో ఇద్దరికీ తలా కొంత పనికొస్తుంది.

2007 ఏప్రిల్‌లో అమెరికాలో డాన్ ఐమస్ అనే రేడియో వ్యాఖ్యాత రట్గర్స్ విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టును జాతినీ ఆడతనాన్నీ కలిపి హేళన చేశాడు. ప్రకటనలిచ్చే కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. వారం తిరిగేసరికి ఎంఎస్ఎన్‌బీసీ అతని కార్యక్రమం ఆపేసింది, మర్నాడు సీబీఎస్ రేడియో ఉద్యోగం నుంచి తీసేసింది. పోలీసు రాలేదు, జైలు లేదు. డిసెంబరుకల్లా ఇంకో స్టేషన్‌లో మైకు దొరికింది. అల్లుడు కోరేది సరిగ్గా ఇదే.

మామ కోరే ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ, ఆంత్వానెట్ లతూఫ్ అనే వ్యాఖ్యాతను సిడ్నీ రేడియోలో అయిదు రోజుల పనికి పెట్టుకుంది. గాజాలో ఆకలిని యుద్ధ సాధనంగా వాడుతున్నారన్న హ్యూమన్ రైట్స్ వాచ్ పోస్టును ఆమె తన సొంత ఖాతాలో పంచుకున్నారు. ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. మూడో రోజు అయ్యాక ఇంక రావద్దన్నారు. ఆమె కోర్టుకెళ్లారు. 2025 జూన్ 25న ఫెడరల్ కోర్టు ఆమె రాజకీయ అభిప్రాయం కారణంగానే తొలగించారని తేల్చి 70,000 డాలర్ల పరిహారం ఇమ్మంది. ఆ తర్వాత ఇంకో 1,50,000 డాలర్ల జరిమానా కూడా వేసింది. పనిలో పెట్టుకున్నది అయిదు రోజులకు, కొట్లాట ఏడాదిన్నర పైన.

“చూడప్పా, అక్కడ చట్టం ఉండాది కాబట్టి ఆమె గెలిచింది. మన దగ్గర ఆమె యాడికి పోతాది?” అంటాడు మామ.

అల్లుడి జవాబు చురుగ్గా ఉంది: “ఐమస్ అన్నది మైకులో. ఆమె పంచుకున్నది తన ఖాతాలో, అదీ పేరున్న సంస్థ చెప్పిన సంగతి. రెండూ ఒకటే అని నేను యాడ చెప్పినా? మైకు ముందు అన్నదానికి మైకు తియ్యాల. ఇంట్లో అన్నదానికి కాదు.”

మామ అంత సులువుగా వదల్లేదు. మైకుకూ ఇంటికీ మధ్య గోడ ఎక్కడుందో చెప్పమన్నాడు. వ్యాఖ్యాతకు రాత్రి యూట్యూబ్ చానల్, పొద్దున టీవీ చానల్ ఉన్న కాలం ఇది. బీబీసీ ఫుట్‌బాల్ వ్యాఖ్యాత గ్యారీ లినెకర్ 2023 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వ శరణార్థుల విధానాన్ని తన ఖాతాలో విమర్శిస్తే సంస్థ పక్కన పెట్టింది. సహచరులు మేమూ రామన్నారు, ఆ శనివారం కార్యక్రమం వ్యాఖ్యాతలు లేకుండా ఇరవై నిమిషాల్లో ముగిసింది. సంస్థే వెనక్కి తగ్గింది. తెలుగు చానల్‌లో ఒక యాంకరును తీసేస్తే తోటి యాంకర్లు మేమూ రామంటారా అని మామ అడిగాడు. అల్లుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

పదవుల సంగతి వేరే. అక్కడ మామ, అల్లుడు దాదాపు ఒకటయ్యారు. 2020 జనవరిలో శ్రీ వెంకటేశ్వర భక్తి చానల్ చైర్మన్‌గా ఉన్న నటుడు పృథ్వీరాజ్ అమరావతి రైతులను పెయిడ్ ఆర్టిస్టులన్నారు. తిరుమల వెంకన్న పేరున్న చానల్‌కు పెద్ద అయిన మనిషి అనవలసిన మాట కాదది. ఆ మాటకు పదవి పోలేదు. కొద్దిరోజుల్లో ఒక మహిళా ఉద్యోగితో మాట్లాడినట్టు చెప్పిన ఆడియో బయటికొచ్చింది, దాంతో రాజీనామా చేశారు. అప్పుడు ఆయన రైతులకు క్షమాపణ చెప్పాలని గట్టిగా మాట్లాడిన వాళ్లలో పోసాని ఒకరు! ఆ పోసానే 2021 సెప్టెంబరులో పవన్ కల్యాణ్ మీద ప్రెస్‌మీట్ పెట్టి మాట్లాడిన మాటలు అచ్చులో వెయ్యలేనివి. 2022 నవంబరులో ఆయన్ను రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థకు చైర్మన్‌ను చేశారు. అవతలి వైపు చూస్తే, 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ లైవ్ చర్చలో బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్ రెడ్డిని చెప్పుతో కొట్టింది, 2023లో తల తెమ్మన్నది ఒకే కొలికపూడి. 2024లో టీడీపీ టికెట్ మీద తిరువూరు ఎమ్మెల్యే అయ్యారు.

“నోరు పారేసుకుంటే ఉద్యోగం పోవడం అట్లుండనీ మామా, మన దగ్గర దాంతోనే ఉద్యోగం వస్తాండాది” అన్నాడు అల్లుడు. మామ కాదనలేదు.

అసలు కథ ఇక్కడే ఉంది. ఐమస్‌ను తీసేయించింది సీబీఎస్ నీతి ఒక్కటే కాదు, వెళ్లిపోయిన ప్రకటనలు. తెలుగు వార్తా చానళ్ల లాభనష్టాల లెక్క అలా ఉండదు. సాక్షిని స్థాపించింది జగన్మోహన్ రెడ్డి కుటుంబం. టీవీ5 అధినేత బి.ఆర్. నాయుడు 2024 నవంబరులో టీటీడీ చైర్మన్ అయ్యారు. యజమాని ఏదో ఒక పక్షంలో ఉన్నప్పుడు అవతలి పక్షాన్ని తిట్టిన వ్యాఖ్యాత ఆయనకు తప్పు చేసినవాడిలా కనపడడు, బాగా పనిచేసినవాడిలా కనపడతాడు. అల్లుడు చెప్పినట్టు తియ్యాల్సింది యజమానే అయితే, తియ్యాలన్న బుద్ధి యజమానికి ఎప్పుడు పుడుతుంది? ప్రభుత్వం మారినప్పుడు. అంటే మామ భయపడ్డట్టే, తప్పు మాటకు కాక తప్పుడు కాలానికి ఉద్యోగం పోతుంది.

ఢిల్లీ చానళ్ల దగ్గరా ఇంతకన్నా మెరుగేమీ లేదు. 2022 మే నెలలో టైమ్స్ నౌ చర్చలో బీజేపీ అధికార ప్రతినిధి నూపుర్ శర్మ ప్రవక్త మీద అన్న మాటకు గల్ఫ్ దేశాలు మన రాయబారులను పిలిపించి నిలదీశాయి. పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. చర్చ నడిపిన యాంకరు కుర్చీ కదల్లేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ఈ సంగతే ఎత్తి, సమస్యలో భాగమైన యాంకర్లను తెర మీద నుంచి తప్పించాలి, ఇంతవరకు ఎందరిని తప్పించారు అని అడిగారు. ఆ ఏడు ఆగస్టులో అదే కోర్టు, చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ వేయగలిగిన గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలేనా, అది ఎవరికి ఆనుతుంది అని నిలదీసింది.

ఈ సంవాదం విన్నవాడు ఎవరో ఒకరి వైపు ఉండాలి కాబట్టి, ఈ వ్యాసకర్త అల్లుడి వైపే మొగ్గుతాడు. మైకు ముందు మనుషులను కులం పేరుతో, మతం పేరుతో, ఆడవాళ్లన్న కారణంతో నీచపరిచిన వ్యాఖ్యాతను పక్కన పెట్టవచ్చు, మళ్లీ చేస్తే తీసేయవచ్చు. కానీ మామ అడిగే కాగితం ఉండి తీరాలి: ఏ మాటకు ఏ చర్య అన్న నియమం ముందే రాసి ఉండాలి, అదే నియమం తమ నాయకుడిని తిట్టినప్పుడూ అవతలి నాయకుడిని తిట్టినప్పుడూ ఒకేలా నడవాలి, తీసే ముందు ఆ మనిషి చెప్పేది వినాలి, తీసిన కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అతిథి అన్న మాటను ఆపిన యాంకరుకు ఏ శిక్షా ఉండకూడదు. సొంత ఖాతాలో రాసిన రాజకీయ అభిప్రాయానికి ఉద్యోగం తీయకూడదు, ఆ అభిప్రాయం మనకెంత మండించినా సరే. అరెస్టు మాత్రం హింసకు పురికొల్పినప్పుడే. బూతుకు జైలు వేస్తే బూతు ఆగదు. మార్చిలో పోసానిని జిల్లా జిల్లా తిప్పాక జూన్‌లో ఏం జరిగిందో చూశాం.

మామ దీనికీ పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన అనుమానం ఒక్కటే: “ఆ నియమం రాసేది ఎవరు, అమలు చేసేది ఎవరు? అదే యజమాని గదా.”

దానికి సమాధానం ప్రేక్షకుడి చేతిలో కొంత ఉంది. మామ లాంటి అర్జీలు రాసేవాళ్లకే ఇది ముందు తెలియాలి. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమాల ప్రకారం, ప్రసారం మీద అభ్యంతరం ఉన్న ఏ ప్రేక్షకుడైనా నేరుగా చానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అందినట్టు 24 గంటల్లో చానల్ తెలియజేయాలి. 15 రోజుల్లో తేల్చి జవాబివ్వాలి. జవాబు నచ్చకపోతే మరో 15 రోజుల్లో స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు, వాళ్లు 60 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే కేంద్ర సమాచార ప్రసార శాఖ ఉంది. పోలీస్ స్టేషన్ మెట్లెక్కే పని లేదు, కేబుల్ ఆఫీసుకు ఫోను చేసి అరిచే పని లేదు. ఈసారి టీవీలో ఒళ్లు మండే మాట వినపడితే, అది మీ పార్టీ చానల్‌లో అయినా సరే, చానల్ పేరు, కార్యక్రమం, తేదీ, సమయం, అన్న మాట ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసి పంపండి. నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.